ఆళ్లగడ్డ అంగళ్లలో కొలత లేని ముఖాలు

పాములపాడు నుంచి పిల్లాజెల్లాతో ఒక్కరోజు ఎటైనా పోదామంటే అందరూ మహానంది అంటారు, లేదా అహోబిలం అంటారు. నేనైతే ఆళ్లగడ్డ శిల్పాల అంగళ్లు చూపించుకు రమ్మంటాను. ఆత్మకూరు, వెలుగోడు మీదుగా నంద్యాల చేరి, కడప వైపు 40వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే చాలు. ఇంతకన్నా వింత అంగళ్లు మా జిల్లాలో లేవు. వినాయకుడి పక్కన అంబేద్కర్, ఆయన పక్కన సాయిబాబా, ఆ వెనక పంచెకట్టులో ఎవరో ఊరి పెద్దాయన. మా పాప ఆ పెద్దాయన ముందు ఆగి "ఈయన ఏ దేవుడు నాయనా?" అని అడిగింది. ఎవరి ఇంటి జేజినాయనో! ఆళ్లగడ్డ శిల్పి గొప్పతనం చూడాలంటే ఆ జేజినాయన దగ్గరే ఆగాలి.

దేవుడికి శాస్త్రం కొలత చెప్పింది. విష్ణుమూర్తిది ఉత్తమ దశతాళం: నిలువెత్తును 124 భాగాలు చేసి, ఎక్కడికి ఎన్నో ముందే రాసిపెట్టింది. అమ్మవార్లకు 120. ఆ లెక్క తప్పకుండా చెక్కడానికి ఏళ్ల సాధన కావాలి, కాదనను. కానీ ఊళ్లో పోయిన పెద్దాయనకు ఏ శాస్త్రం లెక్క చెబుతుంది? ఆయన వదిలి వెళ్లింది రేషన్ కార్డు కోసం దిగిన ఫొటో ఒక్కటే. అందులో చెవులు కనబడవు, మెడ వెనక భాగం అసలే కనబడదు. "ఎదర ముఖం ఫొటో చెబుతుంది సామీ, పక్క ముఖం ఇంట్లోవాళ్లనడిగి తెలుసుకోవాల" అన్నాడు ఉలి పట్టుకున్న ఆచారి. కొడుకును చూసి చెవి, మనవణ్ని చూసి దవడ ఊహించుకుంటారట. తీరా విగ్రహం నిలబెట్టాక ఊరంతా వచ్చి చూస్తుంది. దేవుడి ముక్కు ఇలా లేదనే సాక్షి ఎవరూ లేరు. జేజినాయన ముక్కుకు ఊరంతా సాక్షులే.

రంగు డబ్బా ముట్టకుండా రెండు రంగులు తెప్పించడం చూడండి. నల్లరాయి ఉలి తగిలిన చోట బూడిద రంగులో ఉంటుంది. అదే రాయిని నీళ్లు పోస్తూ సానరాయితో రుద్దేకొద్దీ కాటుక నలుపు తేలుతుంది. నుదురూ చెంపలూ నునుపు చేసి, తలపాగా మడతలను ఉలి గాట్లతోనే వదిలేస్తే ఒక్క రాయి చర్మమూ అవుతుంది, నూలుబట్టా అవుతుంది. గాంధీ కళ్లజోడు మరీ కష్టం. దాని అంచు ముఖానికి అంటకూడదు, వెనక సందు తొలవాలి, ఒక్క దెబ్బ గట్టిగా పడితే రాయికి మళ్లీ అతుకు లేదు. కొందరు ఇనప తీగ వంచి తగిలిస్తారు. రాతిలోనే చెక్కిన జోడు ముందు అది తేలిపోతుంది. ఇప్పుడు పెద్ద చెక్కుడంతా కటింగ్ మిషన్ మీద జరుగుతోంది. పని వేగం పెరిగింది, దుమ్ము అంతకన్నా పెరిగింది. ఆ దుమ్ములో మూతికి గుడ్డైనా కట్టకుండా కూర్చున్న కుర్రవాళ్లను చూస్తే గుండె కలుక్కుమంటుంది.

తిరుగుదారిలో పిల్లలు జైలు మండీకి, అంటే జైలు గదుల్లా అలంకరించిన మండీ హోటలుకు, పోదామని పట్టుబట్టారు. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంట హైదరాబాదు బార్కస్ మీదుగా మన పట్టణాలకు వచ్చి, ఇలా ఊచల తలుపుల వెనక చేరింది. ఒకే పళ్లెం చుట్టూ అందరం కూర్చుని తినడం బాగుంది. నా కళ్లు మాత్రం గోడ మీదే ఉన్నాయి. ప్లైవుడ్ అది. పెయింటరు ఒక్కో రాయికీ కింది అంచున నీడ వేసి, సున్నం రాలిన మచ్చలూ చెమ్మ మరకలూ దించి, కోట గోడ చేసి నిలబెట్టాడు. వెలుతురు ఎటు నుంచి పడుతుందో చూసుకునే ఆ నీడలన్నీ ఒకే వైపు వేశాడు. పొద్దున రాతిని గుడ్డ చేసిన చెయ్యి చూశాం, మధ్యాహ్నం చెక్కను రాయి చేసిన చెయ్యి. గోడ మీద ఆ పెయింటరు పేరు లేకపోవడం నాకు నచ్చలేదు.

ఆళ్లగడ్డ పోతే అంగడి ముందు విగ్రహాలు చూసి వచ్చేయకండి. వెనక షెడ్డులోకి వెళ్లి సగం చెక్కిన ముఖాలు చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచీ చెరొకటి ఫొటోలు తీసి దాచండి. విగ్రహం చేయించే రోజు వస్తే, సంవత్సరీకానికల్లా కావాలని శిల్పిని తొందరపెట్టకండి.