ధాతువు ఎంతవరకు దారి చూపుతుంది?

నార్మన్ లూయిస్ రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ (1949) మీలో కొందరికి పరిచితమే. గ్రీకు, లాటిన్ ధాతువుల చుట్టూ మాటలను గుదిగుచ్చి నేర్పడం ఆ పుస్తకం బలం. ‘డెర్మా’ అంటే చర్మమని తెలిస్తే ఎపిడెర్మిస్, హైపోడెర్మిక్ రెండూ బోధపడతాయి. ‘ఎపి’ అంటే పైన, ‘హైపో’ అంటే కింద.

అయితే ధాతువునే అర్థంగా తీసుకోకండి. పీడియాట్రిక్స్‌లోని ‘పీడ్’ గ్రీకు, శిశువని అర్థం. పెడల్‌లోని ‘పెడ్’ లాటిన్, పాదమని అర్థం. ఈ తేడాను లూయిస్ వివరించారు. ధాతువుల పట్టికను వల్లెవేసేవారికే అది తెలియదు.

ఇంతకన్నా చిక్కైనది ‘హిస్టీరియా’. దాని మూలం ‘హిస్టెరా’, అంటే గర్భాశయం. ఆ జబ్బుకు గర్భాశయమే కారణమని ప్రాచీనులు నమ్మారు. నమ్మకం పోయింది, పేరు మిగిలింది. అదే ధాతువు హిస్టరెక్టమీలో మాత్రం నేటికీ అచ్చంగా గర్భాశయాన్నే సూచిస్తుంది.