పలక మీద హనుమంతుడు

మార్కాపురం పిల్లలకు బొమ్మ వెయ్యడానికి కాగితం కంటే ముందు పలక దొరికేది. ఊరి చుట్టూ నేల కింద ఉన్నదే పలక రాయి. గనిలోంచి తీసిన దిమ్మను ఉలి పెట్టి పొరలు పొరలుగా చీల్చి, అంచులు కోసి, నునుపు చేసి, చుట్టూ కర్రచట్రం బిగిస్తే అది ఏ రాష్ట్రంలో ఏ బడికైనా ప్రయాణమయ్యేది. మూల విరిగినవీ చట్రం ఎక్కనివీ మా చేతికి వచ్చేవి. దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది నల్లగా చేసుకుని, బలపంతో హనుమంతుణ్ణి వేసేవాళ్లం. ఒక చేతిలో గద, ఇంకో చేతిలో కొండ, వెనక ఊరంత తోక. అది అయ్యాక లంక మీద దూకే బొమ్మ వెయ్యాలంటే పలక మీద చోటుండదు. తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. తుడుస్తున్నంతసేపూ పక్కవాడు ఊరుకునేవాడు కాదు. "తర్వాతేందిరా? ఎట్టా పోయినాడు?" అనేవాడు. తుడిచే చెయ్యి తుడుస్తుంటే నోరు కథ చెబుతుండేది.

కామిక్స్ కళ కిటుకంతా ఆ తుడిచిన జాగాలోనే ఉందని చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

కామిక్స్ పుస్తకంలో రెండు గళ్ల మధ్య వేలెడు కూడా లేని తెల్లటి సందు ఉంటుంది. మొదటి గడిలో వీరుడి పిడికిలి పైకి లేచి ఉంది. రెండో గడిలో దుర్మార్గుడు నేల మీద ఉన్నాడు. దెబ్బ ఎక్కడ పడింది? బొమ్మలో లేదు. ఆ సందులో పడింది, చదివేవాడి బుర్రలో పడింది. ఎంత గట్టిగా తగలాలో, ఎంతసేపు పట్టాలో చదివేవాడే నిర్ణయించుకుంటాడు. చిత్రకారుడి తెలివి ఏం గీశాడన్నదాని కంటే ఏది గీయకుండా వదిలాడన్నదాంట్లో తెలుస్తుంది. సినిమాకు ఆ వెసులుబాటు లేదు. సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు వేసి, పిడికిలి లేచిన దగ్గర్నుంచి దవడ పగిలేదాకా అంతా చూపించి తీరాలి.

ఇదేదో అమెరికా వాళ్లు కనిపెట్టిన విద్య అనుకోనక్కర్లేదు. మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగి, దోర్నాల మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం వెళ్లేవాళ్లు ఏటా ఎందరో ఉంటారు. మల్లన్న గుడి చుట్టూ ఉన్న ప్రాకారం బయటి వైపు చూడండి. విజయనగర కాలంలో కట్టిన ఆ గోడ రాళ్ల మీద వరుసలు వరుసలుగా ఉబ్బెత్తు శిల్పాలు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, సిద్ధులు, కిరాతార్జునీయం ఘట్టాలు. గోడలోని రాయే గడి. రాయికీ రాయికీ మధ్య ఉన్న అతుకే మనం చెప్పుకున్న సందు. నడిచేవాడి కాళ్లే పేజీ తిప్పుతాయి. ఏ రాయి మీదా మాటల బుడగ లేదు, ఎందుకంటే చూసేవాళ్లకు కథ ముందే తెలుసు. తెలిసిన కథను నిలిచిపోయిన బొమ్మలతో కదిలించడం ఆ శిల్పుల పనితనం.

తెర కూడా మనకు కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ వెనక దీపం పెట్టి, రంగులద్దిన తోలును పక్కమొహంతో నిలబెట్టేవాళ్లు. కీళ్ల దగ్గర అతికిన చేతులు రెండు పుల్లలతో ఆడేవి. మొహంలో కన్ను తప్ప ఏదీ మారదు, నిజానికి కన్ను కూడా మారదు. బొమ్మ వెనకున్న గొంతు మారుతుంది. హనుమంతుడు లంకకు ఎగిరాడంటే బొమ్మను గుడ్డకు దూరంగా జరిపి నీడ పెంచడమే. మిగతా సముద్రమంతా ప్రేక్షకుడి ఖర్చు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి బూతు కలిపిన హాస్యంతో దేవుళ్లను నేల మీదకు దించేవాళ్లు. నేటి సూపర్ హీరో సినిమాల్లో ప్రతి యుద్ధానికీ ముందొక జోకు ఉంటుంది కదా, ఆ ఎత్తు పోలిగాడికి ఎప్పుడో తెలుసు.

అచ్చులోకి వస్తే మన సూపర్ హీరోల బడి చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ వంటి ధారావాహికలు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు చూడండి. గళ్లుగా విడగొట్టిన కామిక్స్ కావవి. పేజీకి ఒక బొమ్మ, చుట్టూ కథ. కానీ ఏ క్షణాన్ని బొమ్మగా పట్టుకోవాలో చిత్రాకు తెలిసినట్టు కొద్దిమందికే తెలుసు. కత్తి దిగినప్పటి బొమ్మ వెయ్యడు. దిగబోయే ముందు వేస్తాడు. మొసలి నోరు తెరిచి ఉంటుంది, మూసుకోవడం మాత్రం నెల తర్వాతే. ఇక శంకర్ వేసిన బేతాళ కథల బొమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. దశాబ్దాలపాటు ఆ రాజు అలా నడుస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ గమ్యం చేరలేదు. నా దృష్టిలో తెలుగు పిల్లలకు దక్కిన మొదటి సూపర్ హీరో బొమ్మ అదే. శంకర్ 2020లో పోయారు. ఆ బొమ్మ ఇంకా నడుస్తోంది.

నిజమైన గళ్ల కామిక్స్ కూడా మనవాళ్లు వేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు బుజ్జాయి నడిపిన డుంబు, ఇలస్ట్రేటెడ్ వీక్లీలో ఇంగ్లీషు పాఠకులకు వేసిన పంచతంత్రం పాతతరానికి గుర్తుంటాయి. బాపు సరేసరి. తన సినిమాలకు ముందుగానే ప్రతి దృశ్యాన్నీ గళ్లలో గీసుకుని, ఆ తర్వాతే కెమెరా దగ్గరికి వెళ్లేవారు. అంటే ఆయన సినిమా మొదట కామిక్స్‌గా పుట్టి, తర్వాత తెరకెక్కేది.

తెర మళ్లీ కాగితం మీదకు దిగితే ఏమవుతుంది? సీగెల్, షుస్టర్ సృష్టించగా 1938లో అచ్చులోకి వచ్చిన సూపర్‌మ్యాన్ మొదట్లో ఎగరలేదు. గంతులు వేసేవాడు, ఒక గంతుకు రెండు వందల మీటర్లు. 1941లో ఫ్లైషర్ స్టూడియో వాళ్లు అతణ్ణి కార్టూన్ సినిమాగా తీసినప్పుడు ప్రతిసారీ నేల మీద దిగి మళ్లీ గెంతడం చూడ్డానికి బాగుండలేదు. గాల్లోనే ఉంచేశారు. కాగితం మీది సూపర్‌మ్యాన్ కూడా ఎగరడం నేర్చుకున్నాడు. అతణ్ణి నీరసపరిచే క్రిప్టోనైట్ రాయి పుట్టింది 1943 రేడియో నాటకంలో. ఇంకో ముచ్చట. 2002లో మార్క్ మిల్లర్, బ్రయాన్ హిచ్ 'ది అల్టిమేట్స్' అనే కామిక్స్‌లో నిక్ ఫ్యూరీ పాత్రకు హాలీవుడ్ నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ మొహం పెట్టి గీశారు. 1963లో పుట్టిన అసలు ఫ్యూరీ తెల్లవాడు. ఆరేళ్లు తిరిగాక, 2008లో, 'ఐరన్ మ్యాన్' సినిమా చివర్లో ఆ పాత్రలో అదే నటుడు వచ్చి నిలబడ్డాడు.

వింత అనిపిస్తోందా? మన ఇళ్ల గోడల మీది క్యాలెండర్లు గుర్తు తెచ్చుకోండి. 1957లో మాయాబజార్ వచ్చాక కృష్ణుడి బొమ్మకు ఎవరి పోలిక వచ్చింది? ఎన్టీఆర్ మొహం లేని కృష్ణుణ్ణి గీయాలంటే ఆ తరం చిత్రకారులకు చెయ్యి వణికేది.

హిచ్ గీసిన పద్ధతిలోనే ఇంకో మార్పు దాగి ఉంది. 1999లో 'ది అథారిటీ' కామిక్స్‌తో మొదలై, పేజీ అడ్డంగా పరుచుకున్న నాలుగైదు పొడవాటి గళ్లుగా మారింది, అచ్చం సినిమా తెరలాగా. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కాదనను. కానీ పూర్వం ఆరు గళ్లలో అయిపోయే కథ ఆరు సంచికలు పట్టడం మొదలైంది. దెబ్బ పడేదాకా ప్రతి కదలికా గీయడంతో సందుకు పని లేకుండా పోయింది. సినిమాను అనుకరించబోయి కామిక్స్ తనకున్న ఒక్క బలాన్నీ వదులుకుంది. ఇది నా ఫిర్యాదు.

ఈ మధ్య అమెరికా కామిక్స్‌కే కాస్త తెలివి వచ్చినట్టుంది. సినిమాల్లో నడిచే కథతో పొత్తు లేకుండా, మొదటి సంచిక నుంచి కొత్తగా చదువుకోగల లోకాలు తయారు చేస్తున్నారు. 2024 జనవరిలో జొనాథన్ హిక్‌మన్ రాసిన కొత్త 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్'లో పీటర్ పార్కర్ బడిపిల్లవాడు కాదు. పెళ్లై పిల్లలున్న నడివయసు వాడు, శక్తి అప్పుడొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో స్కాట్ స్నైడర్ మొదలుపెట్టిన 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్'కు కోట్ల ఆస్తి లేదు. తండ్రి బడిపంతులు. వేల కోట్లు పెట్టి తీసే సినిమా ఇలాంటి పేద బ్యాట్‌మ్యాన్‌ను నెత్తికెత్తుకోవడం కష్టం. కాగితానికీ సిరాకూ ఆ భయం లేదు.

మన దగ్గర బండి తిరగబడి నడుస్తోంది. అమెరికాలో కామిక్స్ ముందు, సినిమా వెనక. మనకు సినిమా ముందు, కామిక్స్ వెనక. 1980లోనే ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' అనే తెలుగు సినిమాలో నటించారు. ఆయనకు శక్తులు క్రిప్టాన్ గ్రహం నుంచి రాలేదు, హనుమంతుడి వరంగా వచ్చాయి. నలభైనాలుగేళ్ల తర్వాత, 2024 సంక్రాంతికి, ప్రశాంత్ వర్మ తీసిన 'హనుమాన్'లో అంజనాద్రి అనే ఊహల ఊళ్లో తిరిగే కుర్రాడికి కూడా శక్తి హనుమంతుడి రక్తబిందువు నుంచి పుట్టిన మణి వల్లే. అందులో విలన్‌కు చిన్నప్పటినుంచీ సూపర్ హీరో కావాలన్న పిచ్చి. దిగుమతి కలకూ ఊరి దేవుడికీ పోటీ పెట్టి, ఊరి దేవుణ్ణి గెలిపించాడు దర్శకుడు. బాహుబలికీ సినిమాయే ముందు. 2017లో గ్రాఫిక్ ఇండియా సంస్థ దాన్ని కామిక్స్‌గా, యానిమేషన్ ధారావాహికగా తెచ్చింది. 'కల్కి 2898 ఏడీ' విడుదలకు ముందు అందులోని బుజ్జి, భైరవ పాత్రల యానిమేషన్ అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. సినిమాకు ముందో వెనకో చప్పుడు చెయ్యడానికి తప్ప కామిక్స్ తన కాళ్ల మీద తాను నిలబడటం లేదు. పొరుగున తమిళంలో 1972లో పుట్టిన ముత్తు కామిక్స్, 1984లో పుట్టిన లయన్ కామిక్స్ పాఠకుల డబ్బుతోనే ఈనాటికీ నడుస్తున్నాయి. మనకు చందమామే ఆగిపోయింది.

తెలుగులో కామిక్స్ వెయ్యాలంటే భాష దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇంగ్లీషు పెద్దబడి (కాపిటల్) అక్షరాలు బుడగలో నిలబడితే అన్నీ ఒకే ఎత్తు. తెలుగు అక్షరానికి పైన గుడులుంటాయి, కింద వత్తులు వేలాడతాయి. 'స్త్రీ' అని రాస్తే ఒక్క అక్షరమే మూడంతస్తుల మేడ. వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లీషు బుడగలో తెలుగు అనువాదం కూరితే ఇరుకు బట్టలేసుకున్న పిల్లాడిలా ఉంటుంది. అందుకే బుడగ కూడా తెలుగులోనే పుట్టాలి. పెద్దబడి అక్షరాలు మనకు లేవు కాబట్టి అరుపును మందమైన గీతతో, 'ఆగూఊఊ' లాంటి సాగదీతతో చూపాలి.

ఇక చప్పుళ్లు. ఇక్కడ మనంత ధనవంతులు లేరు. అనువాద కామిక్స్‌లో ఇప్పటికీ బ్యాంగ్, బూమ్ అని చదివితే నాకు ఒళ్లు మండుతుంది. కొమ్మ విరిగితే ఫెళ్లుమంటుంది, తలుపు పడితే దబ్బుమంటుంది, కుండ పగిలితే భళ్లుమంటుంది, కత్తి దూస్తే సర్రుమంటుంది. ఈటె దిగితే కసుక్కుమంటుంది, వీరుడు మాయమైతే చటుక్కున మాయమవుతాడు. తెలుగు చప్పుడులో బరువు, వేగం, రాయో కర్రో లోహమో అన్నీ ఉంటాయి. 'ఫెళ్లు' అని పెద్ద అక్షరాల్లో గీసి, కొమ్మ గీయకపోయినా చాలు. మళ్లీ సందు దగ్గరికే వచ్చాం.

కథకు కొరతా? మార్కాపురం స్థలపురాణమే తీసుకోండి. గుండ్లకమ్మ ఒడ్డున తపస్సు చేసుకుంటున్న మార్కండేయ మహర్షి, ఆయన్ను వేధించే కేశి అనే రాక్షసుడు, వాణ్ణి చంపడానికి దిగిన చెన్నకేశవుడు. నది, అడవి, ముని, రాక్షసుడు ఉన్నారు. ఒక్క యాస తప్ప అన్నీ సిద్ధం. ఆ యాస మా వీధుల్లో దొరుకుతుంది. మా సూపర్ హీరో కేశిగాణ్ణి ఆపి, "యాడికిరా పోయేది?" అనాలి గానీ, "నీ అంతం ఆసన్నమైంది" అని గ్రంథం చదవకూడదు.

ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ చదివే బొమ్మల కథలు వస్తున్నాయి. గడి కింద గడి, మధ్య సందు ఎంత కావాలంటే అంత. బొమ్మ కింద పొడుగాటి నల్లటి ఖాళీ వదిలి, వేలితో జరుపుతుంటే చప్పున రాక్షసుడు కనబడతాడు. అచ్చుకు లేని సౌకర్యమిది. తుడిచిన పలక మళ్లీ దొరికినట్టే, దానికి డబ్బూ పెద్దగా అక్కర్లేదు. మన బొమ్మలేసే పిల్లలు ఇక్కడ మొదలుపెట్టొచ్చు.

అంతకు ముందు ఒక పని చెయ్యండి. ఈసారి శ్రీశైలం వెళ్తే, దర్శనం క్యూలో నిలబడే ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రాకారం చుట్టూ ఒకసారి నడవండి. ఒక రాయి చూపించి, పక్క రాయి చూపించి, ఈ రెండింటి మధ్య ఏం జరిగుంటుందో చెప్పమని అడగండి. గుళ్లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఆ గోడ బయటే ఉంది, టికెట్టూ లేదు.