స్వభావోక్తియు సమీప ఛాయాచిత్రమును

అలంకారములలో స్వభావోక్తికి గలిగినంత వివాదము వేఱొకదానికి గలిగినట్లు కానరాదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట అలంకారమగునా, కాదా యని మన లాక్షణికులు శతాబ్దములు తర్కించిరి. కొందఱు దీనిని అలంకారమందురని చెప్పి భామహుడు ఊరకుండెను. కాంచీపురపు పల్లవుల యాస్థానముతో సంబంధము గలవాడని పండితులు భావించు దండి, తన కావ్యాదర్శమునందు అర్థాలంకారములన్నిటికిని ముందు దీనినే నిలిపెను. కుంతకుడు దీనిని త్రోసిపుచ్చెను. వస్తుస్వభావము కావ్యమునకు శరీరము. శరీరమే అలంకారమైనచో అది దేనిని అలంకరించును? తన భుజమును తానే యెక్కగలవాడెవడు? అని యాతని ప్రశ్న.

ఈ పాతవివాదమును మరల నెత్తుటకు కారణము కలదు. అడవిమృగములను, పక్షులను, పురుగులను, పూవులను వాని తావులయందే మిక్కిలి దగ్గఱగా చూపు ఛాయాచిత్రములు నేడు ప్రదర్శనశాలలయందును, పత్రికలయందును, ప్రతివాని చేతిఫోనునందును కానవచ్చుచున్నవి. మెచ్చుకొనువారు పెక్కండ్రు, విమర్శించువారు తక్కువ. వర్ణములు బాగున్నవనియు, ఎంత దగ్గఱకు పోయి తీసిరో యనియు చెప్పుటతో మాట ముగియుచున్నది. ఈ చిత్రముల గుణదోషములను నిర్ణయించుటకు కొలమానమెయ్యది? స్వభావోక్తిని గూర్చిన చర్చయే ఆ కొలమానము నీయగలదని యీ వ్యాసమున నా ప్రతిపాదనము.

కుంతకుని ఆక్షేపణను ఛాయాచిత్రమునకు మార్చి చూతము. పూవు అచ్చట నున్నది. యంత్రము దానిని పట్టినది. ఇందు తీసినవాని ప్రతిభ యేమున్నది? ఇది సామాన్యులు నేటికిని అడుగు ప్రశ్నయే. దీనికి సమాధానము మహిమభట్టు వ్యక్తివివేకమునందు దొరకును. వస్తువునకు రెండు రూపములు కలవని యాతడు చెప్పెను. ఒకటి సామాన్యరూపము: కొంగ తెల్లనిది, పొడవైన కాళ్లు గలది యని అందఱు ఎఱిగినది. రెండవది విశేషరూపము: ఆ కొంగయే, ఆ క్షణమునందే, ప్రత్యక్షమున మాత్రమే దొరకునది. మొదటిదానిని చెప్పుట వట్టి వార్త. రెండవదానిని పట్టుట ప్రతిభాకార్యము. ఆ ప్రతిభను శివుని మూడవకంటితో అతడు పోల్చెను.

సమీప ఛాయాగ్రహణమునందు ఈ భేదము యంత్రధర్మముచేతనే స్పష్టపడుచున్నది. మాక్రో లెన్సు అనునది వస్తువెంత యున్నదో దాని బింబమును కెమెరాలోపల అంతపరిమాణముతోనే పడజేయగలది. కాని వస్తువునకు దగ్గఱగా పోయినకొలదియు స్పష్టముగా కనబడు లోతు తగ్గిపోవును. నిజప్రమాణమున తీయునపుడు ఆ లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకును దిగును. తూనీగ కన్ను స్పష్టమైనచో తోక మసకబాఱును. రెక్క యీనె స్పష్టమైనచో కన్ను పోవును. కావున దేనిని చూపవలెను, దేనిని విడువవలెను అను నిర్ణయము తప్పదు. కవి ఒక్క విశేషణమును ఏఱుకొని తక్కినవానిని విడుచుట యెట్టిదో ఇదియు నట్టిదే. యంత్రము పట్టునది వెలుగును మాత్రమే. విశేషరూపము నేఱుకొనునది మనుజుడు.

ఉదాహరణమునకు తమిళనాటి రాష్ట్రపుష్పమైన కాందళ్ పూవును గైకొనుడు. తెలుగున దానిని అగ్నిశిఖ యనియు, అడవినాభి యనియు అందురు. దూరమునుండి చూచువానికి అది పసుపును ఎఱుపును గలసిన మంటవలె నుండును. పేరును అందుకు దగినట్లే యున్నది. దగ్గఱగా తీసిన మంచిచిత్రమునందు మఱియొకటి కనబడును. ఱేకులు వెనుకకు మడిగి పైకి లేచియుండును. కేసరములు చక్రపు ఆకులవలె చుట్టును చాచుకొనియుండును. వానినడుమ నిలువుగా నుండవలసిన కీలము మొదటనే ప్రక్కకు వంగి కేసరములతో సమానముగా పరుండును. రెక్కలల్లార్చుచు తేనెకై వచ్చు సీతాకోకచిలుకకు పుప్పొడి అంటుటకును, అది తెచ్చిన పుప్పొడి కీలాగ్రమును తాకుటకును ఈ వంపు అనుకూలించును. మంటను చూపిన చిత్రము సామాన్యరూపమును చూపినది. వంపును చూపినది విశేషరూపమును పట్టినది.

తొలకరివానలకు ఎఱ్ఱనేలలపై తిరుగు ఆరుద్రపురుగును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. సంస్కృతకవుల యింద్రగోపమిదియే యందురు. పచ్చికపై దాని యెఱుపును వర్ణింపని వర్షర్తువర్ణనము అరుదు. దగ్గఱచిత్రము ఆ మకమలు నూగునే కాక దాని యెనిమిది కాళ్లనుకూడ చూపును. ఆఱు కాళ్లుండవలసిన పురుగుజాతిలోనిది గాక సాలీడునకును తేలునకును చుట్టమని బాలురు కంటితోనే తెలిసికొందురు. ఇందువలన కవుల మాట కొట్టువడినదని తలపరాదు. వారు ఎఱుపును ఏఱుకొనిరి. చిత్రము కాళ్లను ఏఱుకొన్నది.

ఇంతవఱకు దగ్గఱితనమువలని లాభము. ఇక దానివలని దోషమును విచారింపవలెను. అసలు వివాదము ఇచ్చటనే యున్నది.

దండి స్వభావోక్తికి చూపిన ఉదాహరణములు రెండు ఇందు ఉపకరించును. మొదటిది చిలుకలను గూర్చినది: ముక్కుల యెఱుపు, వంపు, రెక్కల మెత్తని పచ్చదనము, కంఠములయందలి వన్నెల చాలు, వాని తీయని పలుకు. రెండవది పావురమును గూర్చినది: అది గొంతులోపల కూయుచు, ప్రియురాలిచుట్టు తిరుగుచు, ఆమెను ముద్దాడుచున్నది. కంఠమునందలి చాలు కనబడునంత దగ్గఱగా కవిదృష్టి పోయినది. అయినను చిలుక పలుకు మానలేదు. పావురము తన ప్రేమను విడువలేదు. చూచువాడు అచ్చట నున్నట్లు వానికి తెలియనే తెలియదు. చేయి చాచినంత దగ్గఱకు మనుజుడు పోయియుండినచో పావురము ఎగిరిపోయి యుండును. క్రియాస్వభావోక్తికి దండి వేఱొక ఉదాహరణమును వెదకుకొనవలసి వచ్చెడిది. కావున స్వభావోక్తికి కావలసినది దృష్టియొక్క సామీప్యము. దేహముయొక్క సామీప్యము కాదు.

ఈ సత్యమును శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు ఒక చిన్నకథవలె చెప్పెను. అదియు మన తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరు వర్ణనమునందే. తెల్లవాఱుజామున బాతులు ఱెక్కలలో తలలు దూర్చి పంటకాలువలచెంత నిద్రించుచున్నవి. స్నానము చేసి పోయిన బ్రాహ్మణులు పిండి మఱచిన వస్త్రములని భ్రమించి, వానిని యిండ్లకు చేర్పవలెనని కావలివారు రేవునకు దిగిరి. వస్త్రములు లేచి పాఱినవి! వరిచేల కాపున్న పడుచులు చూచి నవ్విరి. ఈ పద్యమున బాతులకు దగ్గఱగా పోయినది కావలివారు. బాతులను చూచినది పడుచులు. దగ్గఱకు పోయినవారికి మొదట వస్త్రములు, తరువాత పాఱిపోవు పిట్టలు మాత్రమే దక్కినవి. నిద్రించు బాతు వారికి దక్కలేదు.

మా ఎలవూరు చెన్నపట్టణమునుండి గూడూరునకు పోవు రైలుదారిపై నున్నది. దీనికి తూర్పున తెలుగువారు ప్రళయకావేరి యనియు, తమిళులు పళవేర్కాడనియు, భూపటములు పులికాటనియు చెప్పు ఉప్పునీటి సరస్సు కలదు. మనదేశమున చిలకసరస్సు తరువాత ఇట్టివానిలో ఇదియే పెద్దది. అధికభాగము ఆంధ్రప్రదేశమునందును, దక్షిణభాగము తమిళనాటియందును ఉన్నది. చలికాలమున ఇచ్చటికి వచ్చు ఫ్లెమింగోలను చిత్రించుటకు దూరదేశములనుండి జనులు వత్తురు. ఆ చిత్రములు రెండువిధములు. మొదటివిధమున వందలకొలది పక్షులు ఒక్కమాఱు ఆకాశమున కెగసియుండును. ఱెక్కల కెంపువన్నెయు అంచుల నలుపును నిలిచియున్నపుడు చాలవఱకు దాగియుండి, ఎగిరినపుడే విప్పారును. కనుక చూపఱుల మెప్పును బహుమతులును ఈ విధమునకే ఎక్కువ. రెండవవిధమున ఒక పక్షి పొడవైన మెడను వంచి, తలను పూర్తిగా తలక్రిందుచేసి, ముక్కును బురదనీటిలో నుంచి మేయుచుండును. ఆ ముక్కునందలి సన్నని పళ్లెముల జల్లెడచే నీటిని వడబోసి ఆహారమును నిలుపుకొనుట దాని జాతిధర్మము.

పక్షులు తమంతట తాము లేచినపుడు తీసిన మొదటివిధపు చిత్రము నిర్దుష్టమే. కాని చప్పట్లు చఱచియు, పడవను తోలియు, నీటిలో నడచిపోయియు వానిని లేపి తీయువారు కలరు. అట్టి చిత్రమునందున్నది ఫ్లెమింగో స్వభావము కాదు. తీసినవాని చప్పట్ల ఫలము. దూరమునుండి ఎగిరి వచ్చిన పక్షికి మేతవేళ కడుపుబలము కూడగట్టుకొను వేళ. దానిని మాటిమాటికి లేపుట ఆ బలమును అపహరించుట. దీనిని నీతిదోషమని మాత్రమే చెప్పి కళను వేఱుగా మెచ్చుకొనవచ్చునని కొందఱందురు. నా అభిప్రాయమది కాదు. స్వభావమును చెప్పెదనని ప్రతిజ్ఞచేసి స్వభావమును చెఱచినవాని చిత్రము కళగనే విఫలమైనది. ఇచ్చట నీతిదోషమును కావ్యదోషమును ఒక్కటియే.

దీనికొక పూర్వపక్షము కలదు. భయముకూడ ప్రాణిస్వభావమే కదా? శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని రథము తఱుముచుండగా మెడ త్రిప్పి చూచుచు, సగము నమలిన దర్భలు నోటినుండి జాఱుచుండ పరుగెత్తు లేడిని కాళిదాసు వర్ణింపలేదా? అభినవగుప్తుడు దానినే భయానకరసమునకు ఉదాహరింపలేదా? సత్యము. కాని కాళిదాసు ఏ లేడిని తఱుమలేదు. కవి భయపెట్టకయే భయమును సృజింపగలడు. కెమెరాకు ఆ శక్తి లేదు. దాని చిత్రమున భయముండవలెనన్నచో ఎదుట భయము పుట్టియుండవలెను. పులి తఱుమగా లేడి బెదరినచో అది వనస్వభావము. ఛాయాగ్రాహకుడు తఱుమగా బెదరినచో అతడు దుష్యంతుడు. ఆ నాటకమునందే వైఖానసుడు అడ్డమువచ్చి, ఇది ఆశ్రమమృగము, చంపదగదని చెప్పగా, రాజు బాణమును ఉపసంహరించెను. అంతటి వర్ణనకు వెనువెంటనే ఆ చేయెత్తుటను కవి యేల యుంచెనో విజ్ఞులు యోచింతురుగాక.

ఈ మార్గమున నడచిన పెద్దలు లేకపోలేదు. అటవీశాఖాధికారియైన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ 1927లో ప్రకటించిన గ్రంథమునందు రాత్రివేళల తీసిన పులిచిత్రములు కలవు. దారికి అడ్డముగా కట్టిన తీగను పులి తన నడకలో తాకినపుడు మెఱపుదీపము వెలిగి చిత్రము పడును. ఆ వెలుగు మృగమును తరువాత ఒక క్షణము బెదరించియుండవచ్చును. చిత్రమున పడినది మాత్రము బెదరునకు ముందటి క్షణమే. నేటి అడవికెమెరాలు కంటికి కనబడని పరారుణకాంతితో ఆ దోషమునుకూడ చాలవఱకు తొలగించుకొన్నవి. తమిళరచయిత అ. మాధవయ్యగారి కుమారుడైన మా. కృష్ణన్ (1912–1996) నలుపుతెలుపులలోనే తీయుచు, మచ్చికయేనుగునెక్కి అడవిమృగములను సమీపించెడివాడు. అడవియేనుగులకు ఆ వాహనము పరాయిది గాదు. ఆయన 1950 నుండి 1996 వఱకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాసెను. పద్మశ్రీ నందెను. వర్ణములు లేకయే విశేషరూపమును పట్టవచ్చుననుటకు ఆయన యేనుగుల చిత్రములే సాక్ష్యము.

పురుగుల విషయమున అపచారము మఱింత సులభము. తెల్లవాఱుజాము చలికి పురుగులు సహజముగనే మందగించియుండును. ఓపికగలవాడు ఆ వేళకు పోయి మంచుబిందువులతో వానిని చిత్రించును. ఓపిక లేనివాడు పురుగును శీతలయంత్రమునందుంచి, కొయ్యబాఱినపిమ్మట ఆకుపై నిలిపి తీయును. చూచువానికి రెండును ఒక్కటిగనే యుండవచ్చును. మొదటిది స్వభావోక్తి, రెండవది శవాలంకారము. కరుణశ్రీ పుష్పవిలాపమునందు పూవులు తమ్ము త్రుంపవలదని మొఱపెట్టుకొన్నవి. త్రుంపక పూవును ఇంటికి కొనిపోవు ఉపాయము ఇన్నాళ్లకు కెమెరారూపమున లభించినది. కాని ఒక్కపూవు వెనుక రంగు నిర్మలముగా నుండవలెనని చుట్టునున్న మొక్కలను పెఱికి త్రొక్కువారిని చూచినచో ఆ మొఱ యింకను ముగియలేదని తోచును.

శాసనమును కళాసంఘములును ఈ నిర్ణయమునకే వచ్చినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ, అభయారణ్యమున ఛాయాగ్రహణము ఆవాసమును మార్పకయు, ప్రాణులకు కీడు చేయకయు సాగవలెనని చేర్చెను. అంతర్జాతీయ ఛాయాచిత్ర సంఘములు ప్రకృతివిభాగమునకు చేసికొన్న నిర్వచనమునందును జీవిక్షేమము ఏ చిత్రముకంటెను ముఖ్యమని కలదు. దండిని చదివినవారికి ఇది క్రొత్తమాట గాదు.

తుదకు మన భాషను గూర్చి ఒక్కమాట. ప్రదర్శనములలో ఈ చిత్రములక్రింద తెలుగుపేరు కానరాదు. మన పల్లెవారు పెట్టిన పేళ్లే చిన్న స్వభావోక్తులు. తెడ్డుమూతికొంగ యనినంతనే ముక్కుకొన యొక్క వెడల్పు కన్నులగట్టును. నత్తగుల్లకొంగ యనినచో దాని మేత తెలియును. దగ్గఱచిత్రమున ముక్కునడుమ సందు చూచినపుడు ఆ మేతకును ఆ సందునకును గల సంబంధమును ఊహింపవచ్చును. నేలపట్టునందు గూళ్లుకట్టు గూడబాతునకు ఆ పేరేల వచ్చినదో, గూడతో చేనికి నీరు తోడిన రైతునకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు. ఈ పేళ్లు పెట్టినవారు పక్షిని పట్టలేదు, లేపలేదు. ఏండ్లతరబడి గట్టుమీదనుండి చూచిరి. తెలుగుతరగతులు తగ్గుచున్న యీ సీమలో బాలురకు ఫోను దొరకినంత సులభముగా ఈ పేళ్లు దొరకుట లేదు. పేరెఱుగనివాడు పక్షిని లేపి చూడగోరును. పేరెఱిగినవాడు ఆ పేరునందలి ధర్మము కనబడువఱకు వేచియుండును.

కావున సమీప ఛాయాచిత్రమును పరీక్షించువారు మూడు ప్రశ్నలను వేయవచ్చును. ఇందు కనబడునది అందఱెఱిగిన సామాన్యరూపమా, విశేషరూపమా? ఆ రూపము ప్రాణిదా, లేక తీసినవాడు కల్పించినదా? తీసినవాడు వెడలిపోయినపిమ్మట ఆ ప్రాణి తన పనిని ఎప్పటివలె చేసికొనుచున్నదా? మూడవప్రశ్నకు సమాధానము చిత్రమునందు కనబడదు, తీసినవానినే అడుగవలెను. అడుగుట న్యాయనిర్ణేతల ధర్మము. బహుమతి నిచ్చుటకు ముందు ఆ యొక్క ప్రశ్న నడుగు ఆచారము మన సంఘముల పోటీలయందును, పాఠశాలలయందును ఏర్పడవలెనని సహృదయులకు విన్నవించుచున్నాను.