దడ ఉండగానే ఈసీజీ

మా పాతపట్నంలో గుండెదడకు కారణం ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. భయమంటారు, గేసంటారు, గాలి సోకిందంటారు. మా పిన్నికి ఏళ్ల తరబడి గేసే. అంట్లు తోముతూ తోముతూ గుండె పట్టుకుని కూలబడేది. ఆస్పత్రికి చేరేసరికి దడ ఆగిపోయేది, ఈసీజీ బాగానే వచ్చేది. ఒక డాక్టరు నిద్రమాత్రలు రాసిచ్చాడు కూడా. ఒక రాత్రి మాత్రం దడ ఆగలేదు. అప్పుడు తీసిన కాగితం చూడగానే విశాఖ డాక్టరు జబ్బు పేరు చెప్పేశారు.

ఆ జబ్బు సంగతి ఇదీ. గుండెలో పై గదుల నుంచి కిందికి కరెంటు దిగే కూడలి దగ్గర కొందరికి రెండు దారులుంటాయి. ఒకదాంట్లో దిగింది రెండోదాంట్లో ఎక్కి, అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. ఆ అదనపు దారిని మూసెయ్యడమే వైద్యం. అందుకు గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నటి కేథటర్లు పంపి, ముందు ఆ దడను కావాలనే రప్పిస్తారు. పిన్ని మెలకువగానే ఉంది. "ఇదే బాబూ, నా దడ ఇదే! మీకెలాగ తెలిసిపోనాది?" అందట.

కేథటర్ కొస 4 మిల్లీమీటర్లు. అందులోంచి వెళ్లే కరెంటు సెకనుకు సుమారు 5 లక్షల సార్లు ఊగుతుంది కాబట్టి షాకు కొట్టదు, వేడెక్కిస్తుంది. 50 డిగ్రీలు దాటితే అక్కడి కండ చచ్చి, ఆ అదనపు దారి మూసుకుపోతుంది. కాల్చేది నిమిషం, చోటు వెతికేది గంట. కొన్ని మిల్లీమీటర్ల అవతలే అసలు దారి. అది కాలితే జన్మంతా పేస్‌మేకరే. తెరమీద గీత కాస్త తేడాగా కనిపించినా ఆ క్షణమే కరెంటు ఆపెయ్యాలి. నా దృష్టిలో కాల్చడం కన్నా ఆ ఆపడమే పెద్ద విద్య. 1982లో ఈ వైద్యం మొదలైనప్పుడు ఏకంగా డీసీ షాకే ఇచ్చేవారు. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి అసలు కాల్చదు, కణాల పొరలకు చిల్లులు పొడుస్తుంది. అది వేరే రకం దడకు లెండి.

యంత్రాలన్నీ విశాఖలోనే ఉండొచ్చు, ఈ దడ దొంగను పట్టుకోవాల్సింది మాత్రం ఇక్కడే. దడ మొదలైతే విశాఖ వెళ్దామని గుణుపూర్ రైలు కోసం చూడకండి. మన ఆస్పత్రో, సరిహద్దు దాటి పర్లాకిమిడో, ఈసీజీ మిషను ఏది దగ్గరైతే అక్కడికి పరిగెత్తండి. మనిషి స్పృహలో ఉంటే, ఇంజక్షనుకు ముందే ఈసీజీ తియ్యమని మొహమాటపడకుండా అడగండి. ఆ కాగితం మీది గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. ఆ రోజే జిరాక్సు తీయించి పెట్టుకోండి.