గోడ మీది బొమ్మ ఎవరిది?

నెల్లూరు కోస్తాలో బడి గోడలు ఇప్పుడు బొమ్మలతో నిండుతున్నాయి. 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’లో బడికి రంగులు వేయడం కూడా ఒక పనిగా ఉండేది. రంగు పడిన గోడ మీద ఏం గీయాలన్నది మాత్రం టీచర్లమైన మనం ఆలోచించుకోవాలి.

మేము చూసిన ఒక బడిలో ఎక్కువమంది యానాది పిల్లలే. గోడ మీద ‘గిరిజన సంస్కృతి’ అని రాసి, ఎర్రమట్టి రంగు మీద తెల్లటి త్రికోణాల మనుషులు గుండ్రంగా తిరిగి ఆడుతున్నట్టు వేశారు. ఫోన్‌లో దొరికిన చిన్న బొమ్మను పెద్దది చేశారట. పనితనం బాగుంది, గీత ఎక్కడా వణకలేదు. కానీ అది వార్లీ బొమ్మ. మహారాష్ట్రలో వార్లీ ఆడవాళ్లు పెళ్లిళ్లకు బియ్యప్పిండితో ఇంటి గోడ మీద వేసేది. 1970ల్లో జివ్యా సోమా మాషే దాన్ని కాగితం మీదికి తెచ్చి లోకానికి చూపించారు. కాగితం నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి మన గోడకి వచ్చేసరికి దాని ఊరూ పేరూ పోయాయి.

వార్లీలు మన అన్నదమ్ములే. వాళ్ల బొమ్మ కింద వాళ్ల పేరు రాసి ఉంటే అదొక మంచి పాఠం. పేరు తీసేసి మన పిల్లలకు ‘ఇదే మీరు’ అని చూపించడం తప్పు. మనల్ని నేరస్తులుగా రాసుకున్న చట్టం 1952లో పోయింది. మన గురించి పక్కవాళ్లు రాసేదీ గీసేదీ ఇంకా ఆగలేదు. చిన్న బొమ్మలో తప్పు కంటికి ఆనదు. గోడకెక్కితే అదే ఊరందరికీ నిజమైపోతుంది.

అందుకే మా బడిలో పిల్లల బొమ్మనే పెద్దది చేద్దామనుకున్నాం. ఐదో తరగతి పిల్ల నోట్‌బుక్కులో వాళ్లమ్మను గీసింది. అమ్మ కాలవలో వంగి, బురదలో చేత్తో తడిమి రొయ్యలు పడుతోంది. బొమ్మ 12 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు. సెంటీమీటరుకో గీత చొప్పున 96 గళ్లు గీశాం. ఉప్పుగాలికి లేచిన పెచ్చులు గీకి, గోడకు ప్రైమర్ వేసి, సుద్దపొడి పూసిన తాడు లాగి కొట్టి, 12 అడుగులకు 8 అడుగుల మేర అడుగు గళ్లు వేశాం. ప్రతి గడికీ నంబరు పెట్టి, గీత ఏ గడిలో మొదలై ఎక్కడ దాటిందో చూసుకుంటూ ఎక్కించాం. బొమ్మ ముప్పై రెట్లు పెరిగింది. మిల్లీమీటరు పెన్సిల్ గీత మూడు సెంటీమీటర్ల పట్టీ అయింది.

ఒక్కచోట తప్పు చేశాం. పిల్ల బొమ్మలో అమ్మ చేతులు ముఖం కంటే పెద్దవి. కొలత తప్పిందని మేమే వాటిని చిన్నవి చేశాం. ట్రైనింగులో నేర్చుకున్న చదువు మా చేత ఆ పని చేయించింది. రంగు ఆరాక పిల్ల గోడ ముందు నిలబడి, “మా అమ్మ చేతులు ఇట్టా ఉండవు సార్” అంది.

బురద నీళ్లలో కళ్లు పనికిరావు. రొయ్య ఎక్కడుందో చేతులకే తెలుస్తుంది. పిల్ల గీసింది అమ్మ పని. అవతలి బడిలో వార్లీల పేరు చెరిపారని తప్పుపట్టిన మేము, మా పిల్ల గీసిన చేతుల్నే చెరిపేశాం. గళ్లు ఉన్నదున్నట్టే ఎక్కిస్తాయి, మధ్యలో దిద్దింది మేము.

గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పటన్‌గఢ్‌లో ఇంటి గోడ మీద బొమ్మలు వేసిన మనిషి. తర్వాత భోపాల్ విధాన భవన్ గోడల మీదా తన గీతతోనే వేశారు. గోడ పెద్దదైందని గీత మార్చుకోలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఆ చేతులు మళ్లీ వేశాం. ఈసారి గళ్లు పిల్లే లెక్కపెట్టింది. తోటి టీచర్లకు మేము చెప్పేది ఇంతే: గోడకు ఎక్కించే ముందు బొమ్మ ఎవరిదో అడగండి, వాళ్ల పేరు కింద రాయండి, దిద్దాలనిపిస్తే గీసిన పిల్లను అడిగి దిద్దండి.