రెండో పెళ్లికీ మైకు పెట్టాలి

రెండో పెళ్లి మాటెత్తితే చాలు, మా తెనాలిలో గొంతులు తగ్గిపోతాయి. "ఏదో గుళ్లో కానిచ్చేశాం లెండి" అంటారు, పాత బాకీ తీర్చినట్టు. భార్య పోయిన మగాడికి ఏడాది తిరక్కుండానే సంబంధాలు వస్తాయి. భర్త పోయిన ఆడమనిషికి 1856లోనే చట్టం దారి ఇచ్చింది, ఇరుగుపొరుగు మాత్రం ఇంకా ఇవ్వలేదు.

దండల పెళ్లిళ్లు చేయించడం నాకు అలవాటైన పని. మా ఊళ్లో ఈ దారి వేసినవారు కవిరాజు త్రిపురనేని రామస్వామి. పెళ్లి తంతు తెలుగులో జరగాలని 'వివాహ విధి' రాశారు, స్వయంగా పెళ్లిళ్లూ చేయించారు. భార్యను పోగొట్టుకోవడం, మళ్లీ కాపురం పెట్టడం రెండూ ఆయన ఎరిగినవే. తెలుగు ప్రమాణాల విలువ నాకు తెలిసివచ్చింది రెండో పెళ్లిళ్లలోనే. మొదటిసారి కూర్చున్నవాళ్ల ధ్యాసంతా వీడియో అబ్బాయి మీద. రెండోసారివాళ్లు ప్రతి మాటా వింటారు. "జబ్బు చేసినా తోడుంటాను" అనే చోట కొందరికి మాట పెగలదు. నేను తొందరపెట్టను. భోజనాలు చల్లారితే చల్లారనీ!

ఆమధ్య రేపల్లెలో ఒక పెళ్లి. ఆవిడ భర్త పోయినావిడ, అతను బాపట్ల మనిషి, విడాకులైనవాడు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు మామూలే. వాటితో పాటు మొదటి భర్త మరణ ధ్రువపత్రమూ చూపించాలి. లామినేషన్ చేయించి తెచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా చూస్తున్నంతసేపూ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఒరిజినల్ ఇచ్చెయ్యండి బాబూ." పెళ్లికొడుకు దాన్ని అందుకుని, తన విడాకుల డిక్రీ ఉన్న కవర్లోనే పెట్టాడు. ఆ కవరు ఎవరి దగ్గరుండాలని మెట్ల మీద ఇద్దరికీ చిన్న వాదన కూడా జరిగింది.

మర్నాడు దండల వేళకి మొదటి భర్త తల్లి వచ్చింది. ముందు వరసలో కూర్చుని నన్నే కసిరింది: "గట్టిగా చదివించండయ్యా, వెనకవాళ్లకీ వినపడాలి."

పోయినవాళ్ల ఫొటో ఎక్కడ పెట్టాలని ఇలాంటి జంటలు నన్ను అడుగుతుంటారు. హాల్లోనే ఉండనివ్వమంటాను. కొత్తగా వచ్చే మనిషికి అది ఇబ్బందైతే ముందే నోరు విప్పాలి, సామాను దించాక కాదు.