డేరాలో ఊయల, వేదికపై స్తంభం

సర్కస్ డేరాలో ఊయలల అంశానికి ముందు కింద వల కడతారు. పనివాళ్లు తాళ్లు లాగి బిగించడం, మేకుల్ని కాలితో తన్ని చూడడం అంతా మన కళ్లెదుటే. ఎగిరేవాళ్లు నిచ్చెనెక్కి అరచేతులకు సుద్దపొడి రాసుకుంటారు. అప్పుడు బ్యాండు ఆగిపోయి డ్రమ్ము ఒక్కటే సన్నగా మోగుతుంది. మనం భయపడడానికి వ్యవధి ఇచ్చి మరీ ఎగురుతారు.

కెనడాలోని క్యుబెక్‌లో 1984లో పుట్టిన సర్కస్ కంపెనీ సర్క్ దు సొలే ఆ వ్యవధి ఇవ్వదు. ఆ కంపెనీ 'బజార్' ప్రదర్శన 2018లో ముంబైలోనే మొదలైంది. మన మల్లఖంబ్ కూడా అందులో ఉంది. ఆముదం పట్టించిన నున్నటి కొయ్య స్తంభాన్ని మనిషి కాళ్లతో, చేతులతో బిగించి పట్టుకుని విన్యాసాలు చేసే విద్య అది. వ్యాయామశాలలో పగటి వెలుతుర్లో చూస్తే పిక్కలు వణకడం కనిపిస్తుంది, ఊపిరి వినిపిస్తుంది. ఇక్కడ రంగు దీపాలూ సంగీతమూ ఆ వణుకును కప్పేస్తాయి. ఒక అంశం ఇంకో అంశంలోకి జారిపోతుంది. చప్పట్లు కొట్టాలనుకునేలోగా ఆ క్షణం దాటిపోతుంది.

కూర్పులో కొత్త సర్కస్‌దే పైచేయి. అందులో సందేహం లేదు. పైగా అది జంతువుల జోలికి పోకుండానే పుట్టింది. మన డేరాలు పులుల్నీ సింహాల్నీ వదలడానికి 1998 నాటి కేంద్ర నోటిఫికేషన్, 2001 నాటి సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చాయి. పిల్లలతో విన్యాసాలు చేయించవద్దని అదే కోర్టు 2011లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పాత డేరా మీద ఎంత మమకారమున్నా ఇది మరిచిపోకూడదు.

అయినా ఒక్క విషయంలో డేరా పక్షమే నాది. అక్కడ కష్టం కష్టంలాగే కనిపిస్తుంది. విజయనగరంలో సర్కస్ కంపెనీ నడిపిన కోడి రామమూర్తి గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకున్నప్పుడు ఆ బరువు ఎంతో ఎవరూ వివరించనక్కర్లేదు. డేరాలో పట్టు తప్పినవాడు వలలో పడతాడు, లేచి మళ్లీ నిచ్చెనెక్కుతాడు. రెండోసారి చేతికి చెయ్యి అందినప్పుడు జనం కేకల్లో ఊరట ఉంటుంది. కొత్త వేదిక అంత నిర్దుష్టంగా, కలలాగా సాగడం వల్ల అపాయం ఉందనే మరిచిపోతాం. అపాయం మాత్రం అలాగే ఉంది. 2013లో లాస్ వేగాస్‌లో ఆ కంపెనీదే 'కా' ప్రదర్శన జరుగుతుండగా ఒక కళాకారిణి పైనుంచి పడి చనిపోయారు.

అందం కోసం శ్రమను దాచడం కళే. కానీ ప్రాణం పణంగా పెట్టే కళలో శ్రమను పూర్తిగా దాచేస్తే, చూసేవాడికి ఆ మనిషి మీద ఉండాల్సిన గౌరవంలో సగం తగ్గుతుంది.

ఈసారి సర్కస్‌కు వెళ్తే, డేరాకైనా సరే, ఏసీ హాలుకైనా సరే, గాల్లో పల్టీలు కొట్టే మనిషినే చూస్తూ ఉండిపోకండి. అవతలి ఊయలకు మోకాళ్లతో తలకిందులుగా వేలాడుతూ రెండు చేతులూ చాచి ఎదురుచూసే మనిషి వైపు కూడా ఒకసారి చూడండి.